తిత్తికి అవతలి పక్క

పుంగనూరు బజారులో కమలాక్షి మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్ళినవాళ్ళెవరూ బేరమాడరు. చీర కొంగు ఒక్కసారి చూసి, దానికి సరిపడే లైనింగు గుడ్డ ఏ అరలో ఉందో ఆమె కూర్చున్నచోటి నుంచే చెప్పగలదు. ఆ గుడ్డ చూసి మూతి విరిచిన మనిషికి, మళ్ళీ ఈ అంగడి గడప తొక్కబుద్ధి కాకుండా కూడా చేయగలదు. ఆమె కోపం గురించి ఊళ్ళో కథలు కథలుగా చెప్పుకుంటారు. అది పుట్టుకతో వచ్చిన గుణమని ఆమె మొగుడు దేవరాజులుతో సహా అందరి నమ్మకం. చిన్నప్పుడు ఆమెను ఎక్కడ కూర్చోబెట్టారో తెలిస్తే అలా అనరు.

పోయిన మాఘమాసంలో కుప్పంలో ఆమె తమ్ముడు మునిరత్నం గృహప్రవేశం జరిగింది. మునిరత్నానికి అక్కడ సిమెంటు, ఇనుము అంగడి. బాగా కలిసొచ్చింది. అంతస్తు మీద అంతస్తు వేసి, హాలంతా పాలరాయి పరిచాడు. ఒక గోడ పొడుగునా అద్దాల బీరువా చేయించి, అందులో మైసూరు నుంచి తెచ్చిన బొమ్మలూ, ఎవరెవరో ఇచ్చిన జ్ఞాపికలూ సర్దాడు. వాటి నడుమ అరలో, పైన ప్లాస్టిక్ పూలగుత్తితో, వాళ్ళ నాయన హార్మోనీ పెట్టె కూర్చుని ఉంది.

కమలాక్షి కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. నాయన పోయిన తర్వాత ఆమె ఆ పెట్టెను చూడ్డం అదే మొదలు. పాలిష్ పట్టించి, ఇత్తడి కొక్కేలు తోమించి, పెళ్ళికి ముస్తాబు చేసినట్టు మెరిపించారు. బీరువా తలుపు తెరిచి, పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి, గాలితిత్తి కొక్కెం తీసి లాగింది. తిత్తి కదల్లేదు. వేళ్ళకు ఏవో చల్లగా తగిలితే వంగి చూసింది. మేకుల తలకాయలు. తిత్తిని పెట్టెకు ఆనించి మేకులు దిగ్గొట్టేశారు.

"ఏందిరా ఇది?" అంది, వెనకే వచ్చిన తమ్ముణ్ణి చూసి.

"అదా అక్కా, ఊరూరికే తెరుసుకుంటాండె. బీరువా తలుపు పడకపోయె. వడ్లాయన మేకులు కొట్టి పోయినాడు. నువ్వు చెయ్యి తియ్యి, పాలిష్ మీద ముద్రలు పడతాయి."

చుట్టాలందరూ చూస్తుండగా కమలాక్షి చెయ్యి తీసింది. నోరు తెరిస్తే ఏమొస్తుందో ఆమెకే భయమేసి గట్టిగా మూసుకుంది. ఆ పూట విస్తరి ముందు కూర్చుందే గానీ ఏం తిందో తెలియదు. పలమనేరు మీదుగా పుంగనూరు చేరేదాకా బస్సులో పక్కన కూర్చున్న దేవరాజులుతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన కూడా కదిలించలేదు. కాపురం చేసిన అనుభవం మరి.

ఆ పెట్టెతో ఆమెకున్న లెక్క చాలా పాతది. సోమల దగ్గరి పల్లెలో వాళ్ళ నాయన గంగాధరానికి మెట్ట భూములుండేవి. వేరుశనగ వేసేవాడు, పండినప్పుడు పండేది. ఆయన పేరు నాలుగూళ్ళలో తెలిసింది మాత్రం వ్యవసాయం వల్ల కాదు. భారతం ఉత్సవాలకు పల్లెల్లో కుర్రకారుకు వేషాలు, పద్యాలు, దరువులు నేర్పే పంతులును ఆ పక్క వాద్యారు అంటారు. గంగాధరం వాద్యారు వచ్చాడంటే ఆ ఊరి నాటకానికి ఢోకా లేదనేవాళ్ళు. ఆయన పెట్టె వాయిస్తూ పాడితే పొలాల నుంచి ఇళ్ళకు పోయేవాళ్ళు దారిలో ఆగిపోయేవాళ్ళు.

అయితే ఆయనకు ఒక అవిటితనం ఉండేది. పడుచుతనంలో ఎద్దు కుమ్మి ఎడమ భుజం జారింది. ఆ చెయ్యి పైకి లేవదు. హార్మోనీకి ముందువైపు మెట్లు, వెనకవైపు తిత్తి. వాయించే మనిషి కుడిచేత్తో మెట్లు నొక్కుతూ, ఎడమచెయ్యి అవతలికి చాపి తిత్తి కొడుతూ ఉండాలి. గాలి పోకపోతే పెట్టె పలకదు. వాద్యారు చెయ్యి అవతలికి చాపలేడు కాబట్టి తిత్తి కొట్టడానికి ఎదురుగా ఇంకో మనిషి కావాలి. ఇంట్లో నేర్పేటప్పుడు ఆ పని కమలాక్షిది. బడికి పోయే వయసు నుంచి పెళ్ళయ్యేదాకా, సాయంత్రమైతే పెట్టెకు అవతలి పక్క బాసింపట్టు వేసుకుని కూర్చుని తిత్తి కొట్టడమే. కుడిచెయ్యి పీకేది. తిత్తి మూసి తెరిచినప్పుడల్లా దుమ్మూ, పాత తోలు వాసనా మొహాన కొట్టేవి. పాట నాయనది, దుమ్ము ఈమెది.

తమ్ముడు మునిరత్నం మాత్రం నాయన పక్కన కూర్చునేవాడు. వాడి వేళ్ళు పట్టుకుని మెట్ల మీద పెట్టి మరీ నేర్పేవాడు నాయన. వాడికి గోలీలాటకు పోవాలని ప్రాణం కొట్టుకుంటూ ఉండేది. కుదురుగా కూర్చోబెట్టడానికి బెల్లం ముక్క చేతికిచ్చేవాళ్ళు. తిత్తి కొట్టిన పిల్లకు బెల్లం ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. వాయించేటప్పుడు నాయన ఆమెతో అనే మాట ఒక్కటే, "గాలి." పాట హెచ్చుకు పోయేచోట పెట్టె గొంతు సన్నబడితే తల కూడా ఎత్తకుండా "గాలి" అనేవాడు. ఆమె ఇంకా గట్టిగా కొట్టేది.

ఒకసారి నాయన వక్కాకు తెచ్చుకోవడానికి లేచాడు. కమలాక్షి ఇవతలి పక్కకొచ్చి ఒక మెట్టు మీద వేలు పెట్టింది. నొక్కను కూడా లేదు. వెనక్కి తిరిగిన నాయన చూశాడు.

"ఆ పక్కకు పో. ఆడబిడ్డ మెట్ల మీద చెయ్యి పెడితే మేళం సెడతాది" అన్నాడు, మామూలు గొంతుతోనే.

కొట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేది. కొట్టలేదు, కసరలేదు. గేదెను పక్కకు అదిలించినట్టు అన్నాడు, అంతే. ఉత్సవం రోజున వేదిక మీద తిత్తి కొట్టే యోగ్యత కూడా ఆమెకు ఉండేది కాదు. అక్కడ మగమనిషే కూర్చోవాలట. జనంలో కూర్చుని వింటుంటే, గాలి ఎక్కడ చాలలేదో ఆమెకు మాత్రం తెలిసేది.

వాద్యారు కట్టిన వరసల్లో ద్రౌపది ప్రవేశ దరువు ఒకటుంది. ఇంకే మేళంలోనూ లేదు, ఆయన సొంతం. మెల్లగా మొదలై, నడుమ మెట్టు మీద మెట్టుగా పైకెక్కి, కొసన నిలబడి, అక్కడి నుంచి ఒక్క దూకున కిందికి వస్తుంది. నాయన పోయాక పెట్టె ఎవరికి అన్న ప్రశ్నే రాలేదు. కొడుకు ఎత్తుకెళ్ళాడు. "నాకిస్తారా?" అని కమలాక్షి అడిగితే, "నువ్వేం సేసుకుంటావమ్మా దాన్ని?" అని పెద్దలు నవ్వారు. నిజంగా తెలియకే అడిగారు వాళ్ళు. ఆమెకు ఒళ్ళు మండిందీ అందుకే.

ఇన్నేళ్ళ మంట మీద కుప్పంలో ఆ మేకులు పడ్డాయి. మరుసటి వారం లైనింగు గుడ్డలకని మదనపల్లెకు వెళ్ళిన కమలాక్షి, గుడ్డల మూటతో పాటు ఒక పాత కీబోర్డు కూడా కొనుక్కుంది. ఏదో ఆర్కెస్ట్రా వాళ్ళు వాడి వదిలేసింది. దేవరాజులు మార్కెట్లో టమోటా దించి, ఖాళీ క్రేట్లతో బండిలో తిరిగొస్తూ ఆమెను ఎక్కించుకున్నాడు.

"ఎవరికి మే ఇది?" అన్నాడు.

"నాకు."

"నీకా?" అని ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి, నవ్వు మింగేసి గేరు మార్చాడు.

అంగడి పైన మిద్దెమీద క్రేట్లు పేర్చే గదిలో రెండు క్రేట్ల మీద పలక వేసి కీబోర్డు పెట్టుకుంది. నేర్పేవాడి కోసం వెతికింది. పుంగనూరులో చిన్నపిల్లలకు నేర్పే మాస్టరు ఒకాయన దొరికాడు. విషయం పూర్తిగా వినకుండానే, "పాపను సాయంత్రం పంపండమ్మా" అన్నాడు. పాప కాదు తనే అనగానే ఆయన మొహంలోకి వచ్చిన చిరునవ్వును కమలాక్షి భరించలేకపోయింది. ఇక ఒకరి మొహం చూసే పని లేదని, ఫోను ముందు పెట్టుకుంది. అందులో అన్నీ ఊరికే దొరుకుతాయని అంగడికొచ్చే ఆడపిల్లలు చెప్పగా వింది.

ఊరికే దొరికేదాంట్లో ఎంత చాకిరీ ఉందో అప్పుడు తెలిసింది. ఫోన్లో "కీబోర్డు నేర్పు" అంటే కంప్యూటరు టైపింగు పాఠాలు వచ్చాయి. వాటిని తిట్టి పక్కకు తోస్తే, ఏదో యాప్ వచ్చి కొన్నాళ్ళు ముద్దుగా నేర్పింది. తీరా వేళ్ళు కదిలే వేళకు తలుపు మూసేసి డబ్బు కట్టమంది. దాన్నీ తిట్టి తీసేసింది. చివరికి ఒక తమిళ మాస్టరు దొరికాడు. ఆ పక్క వాళ్ళకు తమిళం, కన్నడం చెవికి కొత్త కాదు గదా. నిదానంగా, ఒకటికి పదిసార్లు చెబుతాడు. ఆయన బొటనవేలు ఎత్తాడో లేదో బంగారం మీద అప్పిస్తామంటూ ఒకడు మధ్యలో ఊడిపడేవాడు. "నీ బంగారం తగలబడ" అంటూనే పాఠం కొనసాగించేది.

అసలు కష్టం అది కూడా కాదు. మాస్టరు చెప్పేది అర్థమవుతూనే ఉంది, వరస చెవికి తెలుస్తూనే ఉంది, కానీ చెయ్యి అడ్డం తిరిగేది. పైస్వరానికి ఆయన చెయ్యి కుడివైపు జరిగితే ఈమె చెయ్యి ఎడమవైపు ఉరికేది. దరువును నోటితో పాడుకుంటూ వెతికినా అంతే. పాట పైకెక్కాల్సినచోట వేళ్ళు కిందికి దిగేవి. కుడిచెయ్యి మరీ మొండిది, మెట్టు నొక్కకుండా అవతలికి తోసేది. కమలాక్షికి తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. ముసలితనం ముంచుకొచ్చిందనుకుంది. మాస్టరుకే రాదనుకుంది. ఆ వారం అంగట్లో ఫాల్స్ కొనడానికి వచ్చినవాళ్ళు ఏ పాపం ఎరగకపోయినా తిట్లు తిన్నారు.

అలా వెతుకుతుండగా ఎవరో విదేశీ పెద్దాయన పాఠం ఒకటి తగిలింది. కెమెరాను ఆయన తనకు ఎదురుగా పెట్టుకున్నాడు. మెట్లు తలకిందులుగా కనబడుతున్నాయనీ, ఏమీ తెలియడం లేదనీ చూసినవాళ్ళంతా కింద గోల పెట్టినట్టున్నారు, ఏడుపు బొమ్మలు వరసగా ఉన్నాయి. కమలాక్షికి ఆ పాఠం ఒక్కసారికే తెలిసిపోయింది. ఏ వేలు ఎక్కడికి పోతుందో ముందే తెలిసినట్టుంది. ఇంకోసారి చూసింది. ఆ ముసలాయన మొహం ఎదురుగా, వంచిన తల, ఆమె వైపుకు వచ్చే వేళ్ళు. నాయన ఎదురుగా కూర్చున్నట్టుంది.

అప్పుడు అర్థమైంది. ఆమెకు పెట్టె రాకేం, బాగా వచ్చు. తిత్తి పక్క నుంచి వచ్చు. అన్నేళ్ళూ చూసింది అవతలి నుంచి గనక, నాయన కుడి ఆమెకు ఎడమ, ఆయన పైమెట్టు ఆమె కళ్ళకు ఇంకో దిక్కు. కళ్ళు నేర్చుకున్నది నేర్చుకున్నట్టే కూర్చుని ఉంది లోపల.

లేచి కీబోర్డును అటుదిటు తిప్పింది. మెట్లు అవతలికి పోయాయి. వెనకనుంచి వంగి, దాని మీదుగా చెయ్యి చాపి, ఒక్క వేలితో మొదటి స్వరం నొక్కింది. దరువు వచ్చింది. తడబడుతూనే అయినా, మొదలు, ఎక్కడం, కొసన నిలవడం, దూకడం, మొత్తం వచ్చింది. కన్నీళ్ళు రాబోతుండగా గుమ్మంలో నవ్వు వినబడింది. క్రేట్లు తెచ్చిన దేవరాజులు అక్కడ నిలబడి చూస్తున్నాడు.

"ఏందిమే, పొయ్యిని ఎనకనుంచి ఊదినట్టు?" అన్నాడు. వెంటనే కాస్త తగ్గి, "బాగుండాది, మీ నాయన దరువే గదా. వస్తాండాది గదా, ఆ పక్కనుంచే వాయించుకో. ఎవురు సూడొస్తారు ఈడ?" అన్నాడు.

ఆయన మంచికే అన్నాడు. కానీ కమలాక్షికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ పక్కనే యాల కూర్చోవల్ల నేను?" అంది. "బడికి పొయ్యే వయసులో ఆ పక్క కూర్చోబెట్టిరి. తలపండినాక ఈడ, నా మిద్దెమీద, నేను కొనుక్కున్న దానికి కూడా నేను ఆ పక్కనే కూర్చోవల్లనా? ఎవురు సూస్తారంటావు, నేను సూస్తాండాను గదా. నా కండ్లు పోయినాయా?"

దేవరాజులు క్రేట్లు దించి, చప్పుడు కాకుండా దిగిపోయాడు. ఆమె కీబోర్డును మళ్ళీ ఇవతలికి తిప్పింది. చేతికి వచ్చిన దరువును కావాలని పోగొట్టుకుంది. నాయన దరువు ఇవతలి పక్క నుంచి వాయించగలిగితేనే వాయించినట్టు, లేకపోతే అసలు ముట్టేది లేదు. అలా పంతం పట్టింది.

తమిళ మాస్టరు మొదటి పాఠం నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. పసిపిల్లలకు చెప్పే పాఠాలవి. ఐదు మెట్ల మీద ఐదు వేళ్ళు, పైకి ఒకసారి, కిందికి ఒకసారి. బొటనవేలిని మిగతా వేళ్ళ కిందినుంచి ఇవతలికి దూర్చడం. పొద్దున నీళ్ళు రాకముందు కాసేపు, మధ్యాహ్నం అంగట్లో గిరాకీ లేని వేళ కాసేపు. కళ్ళు పాత దారిని చూపించి మోసం చేస్తుంటే కళ్ళు మూసుకుని వాయించింది. కుడిచెయ్యి తోయబోతే ఎడమచేత్తో దాని మీద ఒక్కటేసింది. విచిత్రం ఏమిటంటే ఎడమచెయ్యి మాట వినేది. దానికి పాత అలవాటు లేదు, పాత పగ లేదు. మాస్టరు చెప్పినట్టు అడుగున సా, పా పట్టుకుని బుద్ధిగా కూర్చునేది.

వానలు పడేనాటికి చిన్నచిన్న పాటలు వచ్చాయి. దరువు మాత్రం సగంలో ఎదురు తన్నేది. సరిగ్గా ఆ పైకెక్కే చోట, నాయన "గాలి" అనే చోట, చెయ్యి గిర్రున వెనక్కి తిరిగేది. తప్పిన చోటే ఆగి ఆ ముక్కనొక్కదాన్నే మెల్లగా వాయించమని మాస్టరు అంటాడు. వాయించింది. వందసార్లు అయింది. తప్పు తప్పుగానే ఉంది. ఒకరోజు పైకి వెళ్ళేసరికి, కూర్చునే పీట కింద ఇంకో పలక చేరి ఎత్తు సరిపడింది. దేవరాజులు పని. ఆ రోజు మాత్రం సాంబారులో ఉప్పు సరిగ్గా పడింది.

అప్పుడు మునిరత్నం ఫోన్ చేశాడు.

"అక్కా, బాగుండావా? రామకుప్పం తట్టు భారతం పెడతాండారు. నాయన పేరు సెప్పి నాకు శాలువా కప్పుతారంట. ద్రౌపది ప్రవేశానికి వాద్యారు దరువే కావల్లని పెద్దోళ్ళు పట్టుబడతాండారు. నేను సరేనంటి. తీరా సూస్తే నాకు గుర్తుకు రావడంల్యా. నువ్వు రవ్వంత పాడి వాట్సాప్‌లో పెట్టు. ఎవురో హార్మోనీ పిలగాడు ఉండాడంట, పట్టుకుంటాడు."

కమలాక్షి చేతిలో కత్తెర ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"నాయన పక్కన కూర్చున్నింది నువ్వు గదరా?"

"అబ్బా, సిన్నప్పటి మాట యాలక్కా ఇప్పుడు?"

"నీ యేళ్ళు పట్టుకొని నేర్పినాడు. బెల్లం పెట్టి నేర్పినాడు. అది యాడ పాయె?"

"గుర్తుల్యా అంటాండా గదా. ఒక్క నిమిషం పాడేదానికి ఇంత రాద్ధాంతమా?"

"ఒక్క నిమిషమే. అప్పుడు గాలి నాది, పాట మీది. ఇప్పుడు పాట గూడా నేనే ఊది పంపిస్తే, శాలువా నువ్వు కప్పుకుంటావు. పెట్టె మాదిరే నా నోటికి కూడా రెండు మేకులు కొట్టించు, పాలిష్ పట్టించి బీరువాలో పెట్టుకో" అని ఫోన్ పెట్టేసింది. అంగట్లో ఉన్న ఆడవాళ్ళు జాకెట్టు ముక్కలు అక్కడే వదిలేసి బయటికి నడిచారు.

మునిరత్నం బావకు ఫోన్ చేశాడు. ఆమె దగ్గర ఆ ఊసెత్తే ధైర్యం తనకు లేదనీ, కావాలంటే నువ్వే వచ్చి అడుక్కోమనీ దేవరాజులు నిజం చెప్పేశాడు. ఉత్సవం దగ్గర పడింది. మాట ఇచ్చి ఉన్నాడు. తప్పక ఒక ఆదివారం యాపిల్ పండ్ల సంచితో పుంగనూరు వచ్చాడు. అక్క పైన ఉందంటే మిద్దె ఎక్కాడు. కీబోర్డు ముందు కూర్చున్న అక్కను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆమెకు పెట్టె వచ్చునని అతనికి కలలో కూడా తెలియదు. తేరుకుని, చిన్నప్పటి అలవాటు కొద్దీ వచ్చి ఆమె పక్కన కూర్చోబోయాడు.

"ఈ పక్క కాదు," అంది కమలాక్షి. "ఆ పక్కకు పో."

తెల్లప్యాంటు నలగకుండా చూసుకుంటూ అవతలి పక్క క్రేటు మీద కూర్చున్నాడు మునిరత్నం. ఆమె రెండు చేతులూ మెట్ల మీద పెట్టింది. ఇప్పుడు తప్పిందా, ఈ మనిషి జన్మలో ఆమె మాట లెక్కచేయడు. దరువు మొదలైంది. మొదలు బాగానే పోయింది. పైకెక్కే చోట చెయ్యి మళ్ళీ వెనక్కి తిరిగింది. స్వరం తప్పింది. మునిరత్నం ఏదో అనబోయాడు. ఆమె వేలు చూపించి ఆపింది. తమిళ మాస్టరు చెప్పినట్టు ఆ ముక్కనొక్కదాన్నే తీసుకుంది. ఈసారి మెట్ల వైపు చూడలేదు, ఎదురుగా ఉన్న తమ్ముడి మొహం వైపు చూసింది. నోరు తెరుచుకుని, తలకిందులుగా కనబడే మెట్లను అర్థం చేసుకోలేక వెర్రిచూపులు చూస్తున్నాడు. ఆ చోటు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇక అక్కడ ఉన్నది ఆమె కాదు. చెయ్యి కుడికి కదిలింది. మెట్టు మీద మెట్టు ఎక్కింది. కొసన నిలబడి, ఒక్క దూకున దిగింది.

"నాయన వాయించినట్టే ఉండాదక్కా" అన్నాడు మునిరత్నం. వెంటనే జేబులోంచి ఫోన్ తీశాడు. "ఇంకోసారి వాయించు, రికార్డు సేసుకుంటా."

కమలాక్షి కీబోర్డు మీద గుడ్డ కప్పేసింది.

"రికార్డు ల్యా. నాయన పెట్టె మేకులు పెరికించి ఈడికి తీస్కరా. సభలో నేను వాయిస్తా."

"నువ్వా? ఆడోళ్ళు భారతంలో పెట్టె ముందర కూర్చుంటే కమిటీ వాళ్ళు ఒప్పుకుంటారా?"

"ద్రౌపది వేషం మొగోడు కడతాడు గదా. దానికి లేని అడ్డం దీనికి యాల?"

"సరే, తిత్తి ఎవురు కొడతారు? నువ్వు రెండు సేతులూ మెట్ల మీద పెడితివి" అన్నాడు, తప్పించుకునే దారి దొరికిందన్నట్టు.

"నువ్వు."

మునిరత్నం లేచాడు. కాఫీ తాగకుండా, బావకు చెప్పకుండా, కారెక్కి వెళ్ళిపోయాడు. యాపిల్ పండ్లు అలాగే ఉండిపోయాయి. దరువు పోయినట్టే అనుకుంది కమలాక్షి. ఆ మేళంలో ఇంకేదో వరస పాడించి శాలువా కప్పుకుంటాడు, వాద్యారు దరువు ఈ మిద్దెమీదే తనతోనే ఆగిపోతుంది. అయినా మెత్తబడాలని ఆమెకు అనిపించలేదు. పాడి పంపమని దేవరాజులు కళ్ళతో అడిగాడు. ఆమె కళ్ళతోనే నోరు మూయించింది. వాయించడం మానలేదు.

ఆ మరుసటి ఆదివారం కారు మళ్ళీ వచ్చి ఆగింది. వెనక సీట్లో దుప్పట్లో చుట్టి పెట్టె ఉంది. "పెద్దోళ్ళు అదే దరువు కావల్లంటాండారు. నువ్వు వాయిస్తావని సెప్తే రవ్వంతసేపు గొణిగి ఊరకుండిరి" అన్నాడు మునిరత్నం, ఆమె మొహం చూడకుండా. మేకులు పెరికించాడు గానీ అవి దిగినచోటల్లా తిత్తికి చిల్లులు పడ్డాయి. కమలాక్షి అంగట్లోంచి రెక్సిన్ ముక్కలు తెచ్చి, కత్తిరించి, బంకతో అంటించింది. ఒకటి రెండు చిల్లులు ఎంత అంటించినా బుసకొడుతూనే ఉన్నాయి.

చాప పరిచారు. పెట్టెకు ఇవతల కమలాక్షి, అవతల మునిరత్నం. అతను తిత్తి కొక్కెం తీసి కొట్టడం మొదలుపెట్టాడు. పెట్టె పాత గొంతుతో పలికింది. గుమ్మంలో దేవరాజులు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. కమలాక్షి ఎడమచేత్తో సా, పా పట్టి, కుడిచేత్తో దరువు ఎత్తుకుంది. చిల్లుల్లోంచి గాలి పోతోంది, ఎంత కొట్టినా చాలడం లేదు. మునిరత్నం చొక్కా వీపుకు అంటుకుపోయింది. తోలు వాసన, దుమ్ము అతని మొహాన కొడుతున్నాయి. పాట మెట్టు మీద మెట్టుగా పైకెక్కుతోంది. కొసకు రాబోయే చోట పెట్టె గొంతు సన్నబడింది.

కమలాక్షి తల ఎత్తలేదు.

"గాలి" అంది.

మునిరత్నం ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. మరుక్షణం వంగి, రెండు చేతులతో తిత్తి పట్టుకుని బలమంతా పెట్టి కొట్టాడు. దరువు పైమెట్టు మీద నిలబడింది.